నా నెత్తురు కబురు

ఎక్కువైందని కూడా అనలేదు, చారులో గరిటెడు ఉప్పు, చెయ్యి జారి పడింది కాదు, కావాలని వేసిందే, నిన్న రెట్టింపు వేసింది, ఇవాళ పొద్దున్న ఆ రెట్టింపు మీద ఇంకో చారెడు వేసింది, అయినా ఆ మహానుభావుడు కంచంలోంచి తల ఎత్తకుండా జుర్రుకుని, బాగుందే చిన్నమ్మీ అని లేచి చెయ్యి కడుక్కున్నాడు, బాగుందట, ఒక్క పలుకు ఎక్కువైతే చాలు కంచం ముందుకి తోసి, మా మావ నీ పేర ఉప్పు మళ్లు రాసిచ్చేడేటే అని పుట్టింటి దాకా వెళ్లే సన్యాసిరావు, మేనత్త కొడుకు కాబట్టి ఆ పుట్టిల్లు తనకీ చుట్టమేనన్న సంగతి కూడా మరిచిపోయి తిట్టే సన్యాసిరావు, ఇవాళ నోట పెట్టలేని చారు తాగి బాగుందంటే పెళ్లానికి ఒళ్లు మండిపోదా మరి, పైగా ఆస్పత్రికి వెళ్లే ఈ ఆటోలో సంచి తనే ఒళ్లో పెట్టుకున్నాడు, ఎండ పడుతుందని ఆవిణ్ణి ఈ వైపు జరిపి తను ఎండలో కూర్చున్నాడు, గుంతల్లో ధీరే చలావ్ భయ్యా అని ఆటోవాలాని బతిమాలుతున్నాడు, రాజశ్రీని కనడానికి నొప్పులు పడుతూ వెళ్తున్న రోజున కూడా రిక్షావాణ్ణి జల్దీ జల్దీ అని తోలించిన మనిషి, గుడి నుంచి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస, ఫ్యాను ఎందుకేసేవని అడగడు, సీరియల్ మధ్యలో రిమోటు లాక్కోడు, పక్కింటి శాంతాదేవితో గోడ దగ్గర ఎంతసేపు మాటాడినా ఏటా ముచ్చట్లు అని అరవడు, వంటింట్లోకి వచ్చి వెనకాలే నిలబడి, చారులోకి ఎన్ని టమాటాలేస్తావే, ఇంగువ డబ్బా ఏదే, పోపులో ముందు ఆవాలా జీలకర్రా అని అడుగుతున్నాడు, పెళ్లయిన కొత్తల్లో కూడా లేని ప్రేమ ఈ వయసులో ఎక్కణ్నుంచి ఊడిపడిందా అని రెండు పూటలు మురిసింది కూడాను, సిగ్గులేక మురిసింది, తరవాత అనుమానం వచ్చింది, ఉప్పు పరీక్ష పెట్టింది, ఇవాళ్టితో తేలిపోయింది, ఈ మనిషికి ఏదో తెలుసు, తన గురించి తనకి తెలియనిదేదో ఈ మనిషికి తెలుసు.

ఫాటక్ పడింది, ఛత్తీస్‌గఢ్‌లో, అందులోనూ లాల్‌ఖదాన్‌లో ఇల్లు కట్టుకున్న పాపానికి ఈ రైలు గేటు దగ్గర సగం జీవితం గడిచిపోతుంది, అటు గతౌరా వైపు నుంచి బొగ్గు గూడ్సు వస్తోంది, మొదలే తప్ప చివర కనపడని గూడ్సు, ఆటోవాలా ఇంజను ఆపేసి గుట్కా చింపుకున్నాడు, సన్యాసిరావు వెంటనే చేతి గడియారం చూసుకున్నాడు, ఈ బండి లేటు అన్నాడు ఎవరితోనూ కాకుండా, రిటైరై ఇన్నేళ్లయినా ఆ జబ్బు పోలేదు, డివిజన్ కంట్రోల్ ఆఫీసులో చెవికి ఫోను తగిలించుకుని, ఏ బండి ఎక్కడుందో, దేన్ని ఆపాలో దేన్ని వదలాలో చెప్పే కొలువు, కుర్చీలోంచి లేవకుండా సెక్షనంతా కళ్ల ముందు పెట్టుకునే కొలువు, కొత్తల్లో ఆవిడే అడిగింది, మరి ముందున్నదంతా డ్రైవరుకి చెప్పీయొచ్చు కదా బావా అని, నవ్వేడు, వాడికెందుకే అదంతా, వాడికి ముందర సిగ్నలు కనపడితే చాలు, సెక్షనంతా చెప్తే కంగారు పడి బండి పాడుచేస్తాడు అన్నాడు, అప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో, నా మొగుడికి అన్నీ తెలుసు అని వీధంతా చెప్పుకుంది, ఇప్పుడు ఆ బండి తనే అయ్యాక గాని తెలిసిరాలేదు, ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఇదే కదా, పద అంటాడు, ఎక్కడికి అంటే ఆస్పత్రికి, ఎందుకు అంటే స్కానింగ్, ఆ తరవాత ఏటి అంటే ఆ తరవాతది ఆ తరవాత చూద్దాం, జబ్బు మళ్లీ వస్తుందా బావా అని ఎన్నిసార్లు అడిగిందో, దేవుడున్నాడే అంటాడు, దేవుడున్న సంగతి ఆవిడకి తెలీదా, అడిగింది జబ్బు గురించి కదా, నేనేటి బొగ్గు బండినా, ఒక్కో సిగ్నలూ వేసి నడిపించడానికి, అని ఇప్పుడే ఇక్కడే అడిగేద్దామని నోరు తెరిచింది, సరిగ్గా అప్పుడే గూడ్సు ఇంజను కూతేసుకుంటూ మీదికొచ్చినంత పని చేసింది, నోరు మూసుకుంది, పక్కకి చూస్తే ఆ మనిషి ఆవిడ చెవులు తన చేతుల్తో మూస్తున్నాడు, రైలు కూత వింటూ పుట్టి పెరిగిన మనిషి చెవులు మూస్తున్నాడు, ఛీ, చెయ్యి తియ్యి బావా అంది, తీసేసి ఒళ్లో సంచి సర్దుకున్నాడు.

అసలు ఇది మొదలైన రోజున కూడా ఇంతే, ఎవరి ఒళ్లు, ఎవరి మాట, నెలసరి ఆగిపోయి ఏళ్లూ పూళ్లూ అయ్యాక ఒక వానాకాలం పొద్దున్న చీర మీద మరక కనపడింది, ఓలమ్మో ఇదేటి అనుకుని చాటుగా ఉతికి చాటుగా ఆరేసింది, అరవైకి దగ్గరపడ్డ మనిషికి ఇదేం సిగ్గుమాలిన రోగం అని తనని తనే తిట్టుకుంది, డాబా మీద బట్టలు తీస్తూ శాంతాదేవి చూసింది, వదినా, ఈ వయసులో ఇది కనపడితే ఊరుకోకూడదు, పద ఆస్పత్రికి అని రెక్క పట్టుకుని లాగింది, సన్యాసిరావు మాత్రం వేడి చేసుంటుందే, మజ్జిగ తాగు అన్నాడు, మజ్జిగట, గర్భసంచి లోపలి పొరలో కేన్సర్ కూర్చుని ఉంటే మజ్జిగట, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది, సరే, అక్కడ డాక్టరమ్మ ఏం తక్కువ తినింది, బల్ల మీద కాళ్లు ముడుచుకుని పడుకున్నది చిన్నమ్మి, తెర అవతల డాక్టరమ్మ మాట్లాడింది సన్యాసిరావుతో, భాయీ సాబ్, బచ్చాదానీ నికాల్నా పడేగా, ఘబరానా నహీఁ, భాయీ సాబ్ ఎందుకు కంగారు పడతాడు, ఆయన గర్భసంచి కాదు కదా పోయేది, ఆవిడకి హిందీ రాదనుకున్నారా ఏమన్నా, ఇక్కడే పుట్టి, ఇక్కడి రైల్వే బళ్లో చదివి, బుధవారీ బజారులో కూరగాయలమ్మే ఆడవాళ్లతో ఛత్తీస్‌గఢీలో బేరమాడి గెలిచే మనిషి, అయినా అడగరు, ఆమెకి నెమ్మదిగా చెప్పండి అంటారు, చిన్నపిల్లకి చేదు మందు పట్టించమన్నట్టు, ఒక్క జ్యోతిర్మయే అడిగింది, ఆపరేషన్‌కి ముందురోజు మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుని, నమస్తే ఆంటీ, మీరు తెలుగువాళ్లట కదా అంటూ, కోర్బా పవర్‌హౌస్‌లో ఇంజనీరు గారి అమ్మాయి, ఆస్పత్రి వాళ్లతో కలిసి ఏదో పరిశోధన చేస్తోంది, మీ రక్తం కొంచెం కావాలి ఆంటీ, ఆపరేషన్ కోసం ఎలాగూ ఖాళీ కడుపుతో ఉంటారు కదా, రేపు పొద్దున్నే తీసుకుంటాను, మీరు వద్దంటే తీసుకోను, మీ ఇష్టం అంది, మీ ఇష్టం, ఆ రెండు మాటలకి చిన్నమ్మి కళ్లలో నీళ్లు తిరిగాయి, నా నెత్తురుతో ఏటి చేస్తావే తల్లీ అంటే ఎంత ఓపిగ్గా చెప్పిందో, ఒళ్లు తిండిని కాల్చుకుంటుంది కదా ఆంటీ, ఆ కాల్చుకున్న జాడ రక్తంలో ఉంటుంది, కొవ్వు ముక్కలు, చక్కెర ముక్కలు, మాంసకృత్తుల ముక్కలు, గడ్డ కూడా తింటుంది, దాని తిండి వేరు, అది కాల్చే తీరు వేరు, ఆ ముక్కలన్నీ మెషీన్‌లో లెక్కపెట్టి, ఎవరికి జబ్బు మళ్లీ వస్తుందో ఎవరికి రాదో ముందే పసిగట్టగలమా అని చూస్తున్నాం అంది, సన్యాసిరావు తండ్రి ఆవిరి ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్, గొట్టంలోంచి వచ్చే పొగ రంగు చూసి లోపల బొగ్గు సరిగ్గా కాలుతోందో లేదో చెప్పేవాడు, ఆ పొగలాటిదా అంటే, బిల్కుల్ అదే ఆంటీ అని పిల్ల నవ్వింది, మరి నాది చూసి నాకు చెప్తావా అంటే నవ్వు ఆపేసింది, చెప్పను ఆంటీ, చెప్పకూడదు, ఇంకా వందల మంది రక్తం చూస్తే గాని ఇది ఎంత నమ్మొచ్చో తెలీదు, డాక్టర్లు కూడా దీన్ని బట్టి మందు ఇవ్వరు, అందుకే విడిగా ఎవరికీ చెప్పం అంది, సరే, ఎవరికీ చెప్పనప్పుడు నాకూ వద్దులే, న్యాయంగానే ఉంది అని ఒప్పుకుని మర్నాడు పొద్దున్నే చెయ్యి చాపింది చిన్నమ్మి, సూది గుచ్చుతున్నంతసేపూ రెండో చేత్తో ఆ పిల్ల తల నిమురుతూనే ఉంది.

న్యాయమట న్యాయం, ఆ న్యాయం కార్తీక సోమవారం నాడు తెలుగువాళ్ల గుడిలో మంట కలిసింది, ఫాటక్ ఎత్తారు, ఆటో ఒక్క ఉదుటున కదిలింది, ఆవిడ మనసు మాత్రం ఆ గుడి మెట్ల దగ్గరే ఆగిపోయింది, కింద కూర్చోలేక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒత్తులు వెలిగిస్తోంది, చెప్పులు విడిచే చోట జ్యోతిర్మయి కనపడింది, పిల్ల ఇక్కడి పద్ధతిలో వంగి సన్యాసిరావు కాళ్లకి దణ్ణం పెట్టింది, ఎంత మంచి పిల్లో అనుకుంది, చెయ్యి ఊపింది, పిల్ల చూళ్లేదు, సన్యాసిరావు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతున్నాడు, పిల్ల తల అడ్డంగా ఊపింది, మళ్లీ అడిగాడు, మళ్లీ ఊపింది, తరవాత తల వంచుకుని ఏదో చెప్పింది, అంతే, ఆ మనిషి మొహం ఎవరో కిందికి లాగినట్టు జారిపోయింది, దీపం దగ్గర్నుంచి స్పష్టంగా చూసింది, ఇంటికి వచ్చాక ఏటయింది బావా అంటే ఏమీ లేదే, ఆ పిల్ల ఉద్యోగం సంగతి అడిగింది అన్నాడు, పవర్‌హౌస్ ఇంజనీరు గారి అమ్మాయికి రిటైరైన కంట్రోలరు ఉద్యోగం ఇప్పిస్తాడా, అబద్ధం ఆడటం కూడా చేతకాదు, ఆ మర్నాటి నుంచే ఇంగువ డబ్బా ఏదే, ఆ మర్నాటి నుంచే నాగపూర్ నుంచి రాజశ్రీ ఫోన్లు, పండక్కి పబ్బానికి చేసే కూతురు పొద్దున్నా సాయంత్రమూ, మమ్మీ, ఠీక్ హో నా, తిన్నావా, పడుకున్నావా, సచ్చీ బోలో అని, ఏటయిందే నీకు అంటే కుఛ్ నహీఁ మమ్మీ, ఐసే హీ, ఊరికే అని ఫోను పెట్టేసింది, అంటే కూతురికీ చెప్పాడు, ఆఖరికి శాంతాదేవి కూడా, గోడ మీంచి కాకరకాయ పులుసు అందిస్తూ, మీ ఆయన బంగారం వదినా అని కళ్లు ఒత్తుకుంది, బంగారమేటి, ఆ బంగారంతో నిన్నటి దాకా నేను పడ్డ పాట్లు నీకు తెలియవా అందామనుకుంది గాని ఆ కళ్లు చూసి ఆగిపోయింది, అందరికీ తెలుసు, ఇల్లంతా తెలుసు, వీధంతా తెలుసు, తెలియనిది ఒక్క చిన్నమ్మికి, ఎవరి నరంలోంచి తీశారో ఆ మనిషికి, మీ ఇష్టం ఆంటీ అని తన దగ్గర నెత్తురు పుచ్చుకుని, దాని కబురు పట్టుకెళ్లి మొగుడి చేతిలో పెట్టిందా, నంగనాచి, ఇవాళ కనపడనీ చెప్తాను.

ఆస్పత్రిలో ఎప్పటిలాగే ఫినాయిలు వాసన, ఎప్పటిలాగే ఆ బల్ల, ఆ తెర, డాక్టరమ్మ స్కానింగ్ ఫిల్ము లైటుకేసి పెట్టి చూసి, ఎప్పటిలాగే సన్యాసిరావు వైపు తిరిగి, భాయీ సాబ్, సబ్ సాఫ్ హై, ఎక్కడా ఏమీ లేదు, మూడు నెలల తరవాత మళ్లీ తీసుకురండి అంది, సాఫ్ హై, ఆ మాటకి మనిషన్నవాడు ఎగిరి గంతెయ్యాలి, బయటికొచ్చి స్వీట్లు కొనాలి, ఈయన జీ మేడమ్, జీ మేడమ్ అంటూ నేల చూపులు చూస్తున్నాడు, గుడ్ల నిండా నీళ్లు పెట్టుకుని, టీ తెస్తానుండు అని అటు వెళ్లిపోయాడు, డాక్టరు బాగుందన్నా ఏడిచే మగాణ్ణి ఎక్కడైనా చూశామా, ఇంక చాలు, చిన్నమ్మి లేచింది, పొట్ట కింద కుట్లు లాగాయి, లాగితే లాగనీ, వరండా చివర ఐసు డబ్బా మోసుకుంటూ తెల్లకోటులో జ్యోతిర్మయి వస్తోంది, ఎదురెళ్లి నిలబడింది, ఆంటీ, కైసీ హో అని నవ్వబోయి ఆవిడ మొహం చూసి పిల్ల ఆగిపోయింది, నా నెత్తురు కబురు మా బావకి చెప్పేవేటి, అంతే అడిగింది, గొంతు పెంచను కూడా లేదు, పిల్ల మొహం పాలిపోయింది, డబ్బా కింద పెట్టింది, సారీ ఆంటీ అంది, చెప్పకూడదని నాకు తెలుసు, రక్తం సీసా మీద నంబరు చూసి మీదని తెలిశాక నాకే నిద్ర పట్టలేదు, అంకుల్ గుడిలో చెయ్యి పట్టుకుని అడిగారు, వద్దంటే మళ్లీ అడిగారు, పెద్దవాళ్లు, దేవుడి ముందు, కాదనలేకపోయాను, కనీసం చెకప్‌లు మానకుండా మిమ్మల్ని తీసుకొస్తారని చెప్పాను, మా ఇంట్లో కూడా ఏదైనా ముందు పప్పాకే చెప్తాం ఆంటీ, అలవాటు, పెద్దవాళ్లు అంటే, ఆవిడ అందుకుంది, నేను పెద్దదాన్ని కాదేటే, అతనికంటే నాలుగేళ్లు చిన్నదాన్నంతే, నీకంటే ఎంత పెద్దదాన్ని, చెయ్యి పట్టుకుని అడిగినవాడికి చెప్పేవు, చెయ్యి చాపి నెత్తురిచ్చినదానికి చెప్పలేదు, నేను అడక్కుండా న్యాయంగా ఊరుకున్నానే, ఊరుకున్నందుకు నాకిదా, వరండాలో వాళ్లు తిరిగి చూస్తున్నారు, చూడనీ, పిల్ల ఏడుస్తోంది, ఏడవనీ, ఏడుపు తరవాత, ముందు చెప్పు, అతనికి ఏటి చెప్పేవో అక్షరం పొల్లుపోకుండా నాకు చెప్పు, నేనేమీ కంగారు పడను, పిల్ల కళ్లు తుడుచుకుని, పక్కనున్న బెంచీ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి తనూ కూర్చుంది, పాత పేషెంట్ల రక్తంతో పోల్చి చూశాం ఆంటీ, మీ రక్తంలో ఉన్న తీరు, జబ్బు తిరగబడే అవకాశం కొంచెం ఎక్కువున్న వాళ్లతో కలిసింది, అలాంటి పది మందిని తీసుకుంటే నలుగురికి కొన్నేళ్లలో మళ్లీ వచ్చింది, ఆరుగురికి రాలేదు, చూసింది చాలా తక్కువ మందిని, రేపు ఇంకో వంద మందిని చూస్తే ఈ లెక్కే మారిపోవచ్చు, మీకు ఏమవుతుందో ఈ మెషీన్‌కి తెలీదు, నాకూ తెలీదు, నిజంగా ఇంతే ఆంటీ, ఇంతే చెప్పాను అంకుల్‌కి.

ఇంతేనా, అనుకుంది చిన్నమ్మి, నలుగురు అన్న దగ్గర భయం వేసింది, అది నిజం, కాని ఇన్నాళ్లూ చీకట్లో తడుముకున్నదానికంటే ఇది నయం, భయమైనా పేరూ ఊరూ ఉన్న భయం, పట్టుకోవచ్చు, తిప్పి చూడొచ్చు, ఇక మీద ఏదున్నా నాకే చెప్పు, అతను నా ముందర కూర్చుని వింటాడు అంది, పిల్ల తలూపి డబ్బా ఎత్తుకుని వెళ్లింది, ఇంకా ముక్కు చీదుకుంటూనే ఉంది, పాపం అనిపించింది, కోపం మాత్రం తగ్గలేదు, అప్పుడే ఎదురుగా సన్యాసిరావు, రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు, టీ ఒలక్కుండా జాగ్రత్తగా అడుగులేస్తూ, ఆ పిల్ల వెళ్లడం చూశాడు, ఆవిడ మొహం చూశాడు, అక్కడే ఆగిపోయాడు, కప్పులు ఒరిగి టీ వేళ్ల మీద ఒలికింది, విదిలించుకోను కూడా లేదు, ఆ నిలబడ్డ తీరు చూస్తుంటే ఆవిడకి ఒక్కసారిగా తట్టింది, ఎన్ని టమాటాలేస్తావే, ఇంగువ డబ్బా ఏదే, ముందు ఆవాలా జీలకర్రా, ఓరి నాయనోయ్, ఇది ప్రేమా కాదు, సాయమూ కాదు, ఈ మనిషి చారు నేర్చుకుంటున్నాడు, తను లేని వంటింట్లో తనొక్కడికీ చారు కాచుకోవడం నేర్చుకుంటున్నాడు, తను పొయ్యి ముందు నిలబడి ఉండగానే, తన చేతిలో గరిట ఉండగానే, ఫ్యాను గురించి గొడవ పడకపోవడం, రిమోటు లాక్కోకపోవడం, ఉప్పు చారు మింగడం, ఇవన్నీ పోయేవాళ్లకి చేసే మర్యాదలా, బావా, చారు కాచడం వచ్చీసిందేటి, అని అడిగింది, అంతే, అంత మనిషి, డివిజనంతా చెవిలో పెట్టుకుని నడిపిన మనిషి, టీ కప్పులు పట్టుకునే వరండాలో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడిచాడు, నలుగురటే చిన్నమ్మీ, పదిమందిలో నలుగురట, ఏటి చెయ్యమంటావు నన్ను, నీకెలగ చెప్పమంటావు, నాకు నిద్దర లేదు, అన్నం లేదు, పిల్లకి చెప్పి గొల్లుమన్నాను, ఆవిడ అతని చేతుల్లోంచి కప్పులు తీసుకుని బెంచీ మీద పెట్టింది, కాలిన వేళ్లు తన చెంగుతో తుడిచింది, తుడుస్తూనే కోపంగా ఉంది, తుడుస్తూనే జాలిగా ఉంది, కాని ఈ నలుగురు నలుగురు అన్న పాటేమిటి, ఆ పిల్ల అక్షరం పొల్లుపోకుండా తనకి చెప్పిందే కదా ఇతనికీ చెప్పింది, మరి ఆ ఆరుగురి మాటేటి బావా అంది, సన్యాసిరావు ఏడుపు ఆపి, ఎర్రబడ్డ కళ్లతో ఆవిడ కేసి వెర్రివాడిలా చూశాడు, ఏ ఆరుగురే, అన్నాడు.

ఏ ఆరుగురే, అబద్ధం కాదు, అబద్ధం ఆడితే ఆ మొహం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు, నిజంగానే అడుగుతున్నాడు, ఆ చెప్పుల దగ్గర, ఆ దీపాల మధ్య, నలుగురు అన్న మాట చెవిన పడ్డాక ఆ పైన పిల్ల ఏం చెప్పినా ఇతనికి వినపడనే లేదు, ఇన్నాళ్లూ తన కబురు తనకి దాచాడని, సెక్షనంతా తెలిసి తనకి ఒక్క సిగ్నలే చూపిస్తున్నాడని మండిపడింది, ఎంత పిచ్చిది, దాచడానికి ఇతని దగ్గర మాత్రం ఏముంది, ఉన్నది సగం కబురు, ఆ సగంలో చిన్నమ్మి చచ్చిపోయింది, ఆ సగాన్నే కూతురికిచ్చాడు, గోడ అవతల శాంతాదేవికిచ్చాడు, అందరూ కలిసి కళ్లు ఒత్తుకున్నారు, మిగతా సగం, ఆవిడ బతికుండే సగం, ఇంతమందిలో ఒక్కరి చెవినా పడలేదు, దాన్ని విన్న మనిషి ఈ భూమ్మీద తనొక్కతే.